సదాశివపేట దాటని బండి

2 ఫిబ్రవరి 1997, ఆదివారం

బండి సదాశివపేట దగ్గర ఆగిపోయిందట. పొద్దున్నే వెళ్లిన మనిషి భోజనం వేళ దాటాక వచ్చారు. అన్నం చల్లారిపోయింది. ముఖం చూసి చారు మళ్లీ వేడి పెట్టాను.

దసరాకు కంది దగ్గర లారీ రాసుకుని పడ్డాక ఆయన దూరం వెళ్లడం ఇదే మొదలు. మోకాలి కట్టు విప్పింది డిసెంబరులో. బుల్లెట్ మాత్రం జనవరి దాకా ఇంద్రేశంలో ఐలన్న షెడ్డులోనే ఉంది. ఇంజన్ మొత్తం విప్పి కట్టాడు. అంత విప్పి కట్టిన బండి ఎందుకు ఆగాలి?

ఆగాక ఏం చేశారని అడిగాను. మూత తీసి పెట్రోలు చూశారట, ఉంది. ప్లగ్ తీసి తుడిచారట. తర్వాత కిక్ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయిందట.

వీళ్లది నలుగురి జట్టు. మా వారు, ఐలన్న, కర్దనూర్ మొగులయ్య, నర్సింహ. మా వారు ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా ఉన్నప్పటి నుంచి ఏటా ఎండలు ముదరకముందు పాత బుల్లెట్ల మీద ఒక దూరపు ఊరికి వెళ్తారు. ఈసారి హంపి. మార్చి రెండున బయలుదేరాలి, అందుకని ఆదివారాలు నలుగురూ కలిసి బండ్లు నడిపి చూసుకుంటున్నారు. ముందు బండి ఎప్పుడూ ఆయనదే. మిగతా ముగ్గురూ ఆయన వేగం చూసి నడుపుతారు.

5 ఫిబ్రవరి, బుధవారం

ఐలన్న వచ్చి వాకిట్లోనే బండి పెట్టుకుని కూర్చున్నాడు. కండెన్సర్ వేడెక్కితే గిట్లనే ఐతది, సల్లబడితే మల్ల నడుస్తది అన్నాడు. కొత్తది వేశాడు. ప్లగ్‌కు నిప్పు అందించే పాయింట్స్ కూడా సరిచేశాడు. చేసిన ప్రతి పనీ ఎందుకు చేస్తున్నాడో నన్ను అడగనిచ్చాడు. అందుకని రెండోసారి కాఫీ ఇచ్చాను.

మనవరాలు ఇంజన్ ఆయిల్ చేతులతో పుస్తకం ముట్టింది. పదమూడో ఎక్కం అప్పజెప్పేదాకా మేడ మీద వాళ్లమ్మ దగ్గరికి పంపలేదు.

9 ఫిబ్రవరి, ఆదివారం

మళ్లీ ఆగింది. ఈసారి సదాశివపేట కూడా కాదు. పోతిరెడ్డిపల్లి చౌరస్తాలోనే.

కండెన్సర్ మార్చాక ఇంకా ముందే ఆగడం ఏమిటి?

10 ఫిబ్రవరి

మొగులయ్య, అతని భార్య మల్లమ్మ వచ్చారు, సంచీ నిండా వంకాయలతో. ఇది దిష్టే అని మొగులయ్య తేల్చేశాడు. పడినచోటు దాటి పోతున్నందుకు రోడ్డే పట్టుకుంటోందట. జెర పెద్ద నిమ్మకాయలు కట్టమన్నాడు. మల్లమ్మ, బండికి బొట్టు పెద్దగా పెడుతున్నారా లేదా అని నన్ను నిలదీసింది.

దూరం వెళ్లే రోజు బండికి పసుపు, కుంకుమ పెట్టడం మా ఇంట్లో ఉంది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, నమ్మకంతో చేయను. పద్ధతి కాబట్టి చేస్తాను. ఇదివరకు హెడ్‌లైట్ మీద పెట్టేదాన్ని. ఆయన పడ్డాక మల్లమ్మే చెప్పింది, నడిపేవాడి కళ్లకు కనబడాలని. అందుకే ఇప్పుడు ట్యాంకు మూత మీద పెడుతున్నాను. గుండ్రంగా, నుదురులా ఉంటుంది. కుదురుగా నిలుస్తుంది.

పెద్దగానే పెడతానన్నాను. గంధం కూడా కలుపుతానన్నాను.

16 ఫిబ్రవరి, ఆదివారం

రుద్రారం.

ఐలన్న కార్బురేటర్ విప్పి కడిగిన తర్వాత, రుద్రారంలో. సదాశివపేట, పోతిరెడ్డిపల్లి, రుద్రారం. రిపేరు పెరిగేకొద్దీ దూరం తగ్గుతోంది. ఇలాంటి లెక్క నేను ఏ తరగతికీ ఇవ్వలేదు.

సాయంత్రం నలుగురూ మా అరుగు మీద టీ తాగుతున్నారు. ఆయన లోపలికి చక్కెర కోసం వచ్చినప్పుడు నర్సింహ గొంతు కిటికీలోంచి స్పష్టంగా వినబడింది.

"బండి ఆగుతలేదన్నా. సారే ఆగుతుండు."

మొగులయ్య ఊరుకోమన్నాడు. చక్కెర డబ్బా పట్టుకుని నా పక్కనే ఉన్నారు ఆయన. విన్నారు. డబ్బా తీసుకెళ్లి వాళ్ల ముందు పెట్టి, బండి కడగడానికి వెళ్లిపోయారు. ఆదివారం సాయంత్రం పాత టూత్‌బ్రష్‌తో బండి అంతా తోమి కడగందే ఆయనకు నిద్ర పట్టదు.

17 ఫిబ్రవరి

ఇవాళ నాతో రెండు మాటలు మాట్లాడారు. రెండూ చారులో ఉప్పు గురించి.

19 ఫిబ్రవరి, బుధవారం

సంగారెడ్డి ట్రెజరీలో నా పెన్షన్ కాగితం పని పడింది. బస్సులో వెళ్తానంటే బండి మీద దింపుతానన్నారు. వద్దంటే ఇంకో అర్థం వస్తుందని ఎక్కాను. వెళ్లేటప్పుడు ఆగలేదు. వచ్చేటప్పుడూ ఆగలేదు. రుద్రారం దగ్గర నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. గడియారంలా కొట్టుకుంటూ వచ్చేసింది.

నాతో వెళ్తే ఆగదు. వాళ్లతో వెళ్తే ఆగుతుంది. రోడ్డు ఒకటే, బండి ఒకటే, మనిషి ఒకడే.

నర్సింహ అన్నది నిజమా? వెనక కూర్చుని ఆయన చేతులు చూశాను. లారీ హారన్ వినబడినప్పుడల్లా వేళ్లు క్లచ్ మీద బిగుసుకుంటున్నాయి. చూసినది ఎవరికీ చెప్పను.

23 ఫిబ్రవరి, ఆదివారం

బొట్టు ఈసారి మూత నిండా పెట్టాను. పసుపు, గంధం, కుంకుమ, దళసరిగా. నిమ్మకాయలు కట్టాను. ఇంత చేశాక మిగిలేది ఏమీ లేదనుకున్నాను.

ఇస్నాపూర్ కూడా దాటలేదు.

జట్టు అక్కడే టీ కొట్టులో కూర్చుని తీర్మానం చేసిందట. హంపికి ఆయన నర్సింహ వెనక కూర్చుని రావాలి. ముందు బండి నర్సింహది. మొగులయ్య ఇంటికొచ్చి ఈ మాట చెప్పడానికి చాలాసేపు పట్టింది. నా వైపు తిరిగి చెప్పాడు, ఆయన వైపు కాదు.

"ఏం జేస్తం టీచరమ్మా. రాకుంట ఉండుడు కంటె గిదే మంచిది గద."

ఆయన సరేనన్నారు. బండి కడగలేదు. బొట్టుతోనే పెరటి షెడ్డులో పెట్టి గొళ్లెం వేశారు.

నాకు లోపల ఒక బరువు దిగినట్టు అనిపించింది. వెంటనే సిగ్గు వేసింది. రెండూ ఒకేసారి ఎలా వస్తాయో తెలియదు.

24 ఫిబ్రవరి, సోమవారం

ఇది లెక్కలా వరసగా రాస్తాను.

పొద్దున నూనె డబ్బా కొత్తది తెరిచాను. మేకుతో ఒక బెజ్జం కొట్టి వంచితే కొంచెం కారి ఆగిపోయింది. రెండో బెజ్జం కొట్టాను. ధారగా వచ్చింది. ప్రతి నెలా చేసే పనే. గాలి లోపలికి పోకపోతే నూనె బయటికి రాదు, ఏడో తరగతి పిల్లలకు చెప్పే విషయం. చేతిలో మేకుతో అలాగే నిలబడిపోయాను.

షెడ్డు గొళ్లెం తీశాను. ట్యాంకు మూత మధ్యలో చిన్న బెజ్జం ఉంటుంది. ఉండాలి. కనబడలేదు. దాని మీద గట్టిపడిన పసుపు, గంధం, నా బొటనవేలి ముద్ర.

గాలి పోక పెట్రోలు దిగలేదు. ఆగినప్పుడల్లా వాళ్లు మూత తీశారు, గాలి పోయింది, బండి నడిచింది. ఇంటికొచ్చాక ఆయన తోమి కడిగారు, ట్రెజరీ పనికి నేను బొట్టు పెట్టలేదు, బుధవారం నాతో బాగానే తిరిగింది. ఆగేకొద్దీ నేను బొట్టు మందం చేశాను. లెక్క సరిపోయింది. ఒక్క మెట్టు కూడా తప్పలేదు.

ఆయన తప్పు లేదు. ఐలన్న తప్పు లేదు.

మధ్యాహ్నం భోజనానికి పిలిచాను. తిన్నారు. నేను చెప్పలేదు.

25 ఫిబ్రవరి

చెప్పలేదు.

27 ఫిబ్రవరి, గురువారం

చెబితే ఆయన మళ్లీ ముందు బండి మీద హంపి దాకా వెళ్తారు. ఆ మోకాలితో, ఆ లారీల మధ్య. చెప్పకపోతే నర్సింహ వెనక కూర్చుని క్షేమంగా వెళ్లి వస్తారు. కానీ ఆ తర్వాత ఇంట్లో తిరిగే మనిషి ఎవరు? ఈ నాలుగు రోజులుగా తిరుగుతున్న మనిషిని నేను ఎరగను. పేపరు చదువుతున్నట్టు పట్టుకుంటున్నారు, పేజీ తిప్పడం లేదు.

నేను కాపాడుతున్నది ఎవరిని? నన్నేనేమో.

1 మార్చి, శనివారం

సాయంత్రం ఆయన రేపటికి సంచీ సర్దుకుంటున్నారు. రెండు చొక్కాలు, మోకాలికి రాసుకునే నూనె. సంచీ అడుగు నుంచి నట్లు బిగించే పానాల మూట తీసి బల్ల మీద పెట్టారు. అదెందుకు తీశారని అడిగాను. వెనక కూర్చునేవాడికి పానాలెందుకన్నారు. మామూలుగానే అన్నారు.

అప్పుడు చెప్పాను. నూనె డబ్బా నుంచి మొదలుపెట్టి, నా వేలి ముద్ర దాకా.

ఎప్పుడు తెలిసిందని అడిగారు. సోమవారం అన్నాను. షెడ్డులోకి వెళ్లి పిన్నీసుతో బెజ్జం పొడిచి, నోటితో ఊది, కిక్ కొట్టారు. చీకటి పడకముందే పోతిరెడ్డిపల్లి దాటి వెళ్లి వచ్చారు. ఎక్కడా ఆగలేదు. సంతోషపడతారనుకున్నాను. హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నారు.

"రెండోసారి ఆగినప్పుడు నాకు హాయిగా అనిపించింది," అన్నారు. "లారీలు పక్కనుంచి పోతుంటే ఒళ్లు వణుకుతోంది. బండే ఆగింది, నేను కాదు కదా అనుకున్నాను. ఇప్పుడు ఆ సాకు లేదు."

అయితే వెళ్లొద్దన్నాను.

"నీకు తెలిశాక కూడా ఐదు రోజులు ఊరుకున్నావు. ఊరుకోగలిగిన దానివి చివరికి ఎందుకు చెప్పావు?"

ఆయనకు రోడ్డు తిరిగి ఇచ్చాననుకున్నాను. ఇచ్చానో, దాక్కునే చోటు లాగేసుకున్నానో.

పానాల మూట తిరిగి సంచీలో పెట్టుకున్నారు.

2 మార్చి, ఆదివారం, ఉదయం ఆరు

ముగ్గురికీ మూత చూపించారు. ఐలన్న తల పట్టుకున్నాడు. నర్సింహ దారి ఇచ్చి తన బండి వెనక్కి లాక్కున్నాడు.

గేటు దాటి పది గజాలు వెళ్లాక ముందు బండి ఆగింది. దానంతటది కాదు. ఆయనే తాళం తిప్పారు. వెనక ముగ్గురూ ఆగారు. పెద్ద రోడ్డు మీద లారీ హారన్లు వినబడుతున్నాయి, ఆయన వింటూ కూర్చున్నారు.

తర్వాత ఆయనే కిక్ కొట్టారు. వెళ్లారు.