సున్నా రీడింగ్

మార్చి 3, సోమవారం

ట్యాంక్ అడుగున ఇసుక మీద ఎర్రటి పాచి. రాళ్ల మీదికీ పాకింది. వేలితో లాగితే తడి గుడ్డలా పొరలు పొరలుగా లేస్తోంది. నిజానికి పాచి కూడా కాదు, బ్యాక్టీరియా. రోజంతా ల్యాబ్‌లో ఊళ్లోవాళ్ల బ్యాక్టీరియా వెతికే నేనే, నాలుగేళ్లుగా నా హాల్లో కళ్లలో పెట్టుకుని చూసుకుంటున్న ఉప్పునీటి ట్యాంక్‌లోకి దాన్ని రానిచ్చాను. ఒళ్లు మండిపోతోంది.

తిండి ఎక్కువైతే ఇది వస్తుంది. తిండి వేసేది మామగారు. అత్తయ్య పోయాక మా దగ్గరికొచ్చి రెండేళ్లయింది. ముప్పై ఏళ్లు హాస్టల్లో వంట చేసిన మనిషి, ఎవరి కడుపు ఖాళీగా కనిపించినా ఊరుకోలేరు, చేప కడుపైనా సరే. రోజుకు ఒక్కసారి చాలు అంటే, చిటికెడే కదమ్మా అంటూ నాలుగుసార్లు వేస్తారు.

మార్చి 8, శనివారం

మా ఆయన ఆఫీసువాళ్లు నలుగురు భోజనానికి వచ్చారు. ఒకావిడ ట్యాంక్ ముందు నిలబడి, ఈ ఎర్రగా ఉన్నదేంటండీ, ఇదీ పగడమేనా అని అడిగింది. తల తీసేసినట్టయింది. సరిగ్గా అప్పుడే మామగారు తిండి డబ్బా మూత తీస్తున్నారు. ఇదేం మీ హాస్టల్ మెస్ కాదు మామగారూ, మీరు వేసిన తిండి కుళ్లబట్టే నీళ్లు ఇలా తగలడ్డాయి అన్నాను. అందరి ముందూ.

ఆయన నవ్వేసి, నిజమేనమ్మా అని మూత పెట్టేశారు. భోజనాలయ్యే దాకా మళ్లీ హాల్లోకి రాలేదు.

మార్చి 9, ఆదివారం

డబ్బా నా బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇక రోజుకు ఒక్కసారి నేనే వేస్తానని, ట్యాంక్ మీద చెయ్యి వెయ్యొద్దని మామగారికి చెప్పాను. సరేనన్నారు.

మార్చి 12, బుధవారం

రాయడానికి చెయ్యి రావడం లేదు.

ట్యాంక్‌లో పోసే నీళ్లు, ఉప్పు కలపకముందు ఫిల్టర్ చేస్తాను. అందులో, నీళ్లలో కరిగినవన్నీ కొలిచే మీటర్ పెడితే సున్నా చూపించాలి. ఇవాళ ఎందుకో పెట్టి చూశాను. 84. ఫిల్టర్ కార్ట్రిడ్జ్ మీద నేనే పెన్నుతో రాసుకున్న తేదీ ఉంది. ఆరు నెలలకోసారి మార్చాల్సింది, పద్నాలుగు నెలలైంది. పై నెల, పై నెల అనుకుంటూ ఆ పాచికి మేత పోసింది నేనే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు పోయి పోయి ఆ పెద్దాయన మీద పడ్డాను.

కొత్తది బిగించాను. పాతదాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి, వీధి చివరి చెత్తకుండీ దాకా నడిచి పడేశాను. ఎవరికీ చెప్పలేదు. నలుగురి ముందు అన్న మాట వెనక్కి తీసుకోవాలంటే ఆ నలుగురినీ మళ్లీ పిలవాలి కదా అని నాకు నేనే ఒక సాకు చెప్పుకున్నాను. సిగ్గులేని సాకు.

మార్చి 18, మంగళవారం

పాచి పోయింది. మూడు రోజులు లైట్లు ఆపి, ఉన్నదంతా పైపుతో లాగేసి, పాచికి మేతయ్యే ఫాస్ఫేట్‌ను పీల్చే గుళికల సంచి వేలాడదీశాను. మా ఆయన వాళ్ల నాన్నతో, చూశావా, నువ్వు మానేశావు, అదీ పోయింది అని నవ్వాడు. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. మామగారు మాత్రం, పోన్లే, మంచిదే కదా అనడం వినిపించింది.

మార్చి 24, సోమవారం

ట్యాంక్ నీళ్లు పరీక్షించాను. నైట్రేట్ సున్నా. ఫాస్ఫేట్ సున్నా. ఇంత శుభ్రమైన నీళ్లు ఎవరి ట్యాంక్‌లో ఉంటాయి!

మార్చి 29, శనివారం

ఇసుక మీద గోధుమరంగు జిగురు. చీమిడిలా సాగుతోంది, మధ్యలో గాలి బుడగలు. తెల్లారేసరికి తగ్గినట్టే ఉంటుంది, లైట్లు వేశాక మధ్యాహ్నానికి మళ్లీ ప్రత్యక్షం. సగం నీళ్లు మార్చాను. రెట్టింపయింది.

నాకు మొదట ఏం తోచిందో ఇక్కడైనా నిజం రాయాలి. మామగారు చాటుగా ఏదో వేస్తున్నారనుకున్నాను. అడిగాను కూడా. ఆయన పేపరు పక్కన పెట్టి, రెండు అరచేతులూ తెరిచి చూపించారు. తాళంచెవి నా బ్యాగులోనే ఉంది. ఆ సంగతి అడగకముందే నాకు తెలుసు.

ఏప్రిల్ 2, బుధవారం

మామగారు మూడు రోజులుగా ఏదో చెప్పబోయి ఆగిపోతున్నారు. ఇవాళ అనేశారు. ఆ నారింజ రంగు చేప పొట్ట లోపలికి పోయిందమ్మా, ఆకలితో ఉన్నట్టుంది అని. దాని ఆకలి మీకెలా తెలుస్తుంది అన్నాను. ఆయన పేపరు తీసుకుని తన గదిలోకి వెళ్లిపోయారు.

ఏప్రిల్ 4, శుక్రవారం, సాయంత్రం 7

నారింజ చేప చచ్చిపోయింది. పంపు జాలీకి అతుక్కుని ఉంది. ట్యాంక్ అడుగున నత్తలు ఆరు వెల్లకిలా పడి ఉన్నాయి.

మామగారు పొద్దున పదింటికే చూశారట. మరి తియ్యలేదేం, నాకు ఫోనైనా చెయ్యలేదేం అన్నాను. చెయ్యి పెట్టొద్దన్నావు కదమ్మా, డ్యూటీలో ఉంటావు, ఫోన్ చేస్తే ఏమంటావో అని ఊరుకున్నాను అన్నారు. కోపంగా కాదు. ఆయన కుర్చీ ట్యాంక్‌కు ఎదురుగా జరిపి ఉంది. రోజంతా దాన్ని చూస్తూ కూర్చున్నారు.

ఏప్రిల్ 5, శనివారం

జిగురును యూరిన్ డబ్బాలో పోసి ల్యాబ్‌కు పట్టుకెళ్లాను. మైక్రోస్కోప్ కింద గింజల్లాంటి కణాలు ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాయి. ఎర్ర పాచి కాదు, ఇది వేరే పురుగు.

చేపల షాపతనికి ఫోన్ చేశాను. రీడింగులెంత అన్నాడు. సున్నా, సున్నా అన్నాను. ఇంకా గర్వం చావలేదు నాకు. అదేనమ్మా రోగం అన్నాడు. నీళ్లలో తినడానికేమీ లేకపోతే మంచి జీవులన్నీ మాడిపోతాయట, అప్పుడు ఇది వచ్చి తిష్ట వేస్తుందట. నీళ్లు మార్చడం ఆపి, గుళికలు తీసేసి, తిండి బాగా వెయ్యమన్నాడు. ఆ నారింజ రకం రోజుకు మూడు నాలుగుసార్లు తింటేనే గానీ బతకదు, ఇన్నాళ్లూ ఎవరు చూసుకున్నారో గానీ బాగా చూసుకున్నారు అన్నాడు.

ఇంటికి నడిచి వచ్చాను. ఎంత నెమ్మదిగా నడిచినా ఇల్లు వచ్చేసింది.

ఏప్రిల్ 6, ఆదివారం

చెప్పేశాను. మా ఆయన ఎదుటే. మీటరు, 84, న్యూస్‌పేపర్లో చుట్టి పడేసింది, అన్నీ. డబ్బా మామగారి చేతిలో పెట్టి, తప్పంతా నాది, క్షమించండి అని ఏడ్చాను. మా ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్లి, పొద్దుపోయాక తిరిగొచ్చాడు.

మామగారు నాలుగు తిట్టినా బాగుండేది. ఊరుకోమ్మా, నేనూ కాస్త ఎక్కువే వేసేవాణ్ణిలే అన్నారు. ఎక్కువేమీ వెయ్యలేదు. ఇద్దరికీ తెలుసు.

ఏప్రిల్ 13, ఆదివారం

నైట్రేట్ ఐదు. జిగురు పలచబడింది. మామగారే తిండి వేస్తున్నారు. కాకపోతే చెంచాలో తీసుకుని, నేనెక్కడుంటే అక్కడికి తెచ్చి, ఇంత వెయ్యొచ్చా అమ్మా అని అడుగుతున్నారు. మీ ఇష్టం మామగారూ అన్నాను. సగం డబ్బాలోకి ఒంపేసి, మిగిలింది వేశారు.

ఏప్రిల్ 20, ఆదివారం

ఇసుక తెల్లగా ఉంది.

భోజనాల దగ్గర మామగారు రెండోసారి అన్నం పెట్టుకోబోతూ, గరిటె పట్టుకుని ఆగి, నా ముఖం చూశారు.