వెండి కాలు

కస్తూరక్కకు నమస్కారం. వరుసలు వంకరపోయినా రాసింది నేనే, కుడి కంటితో. ఎడమ కన్ను పోయింది. ప్రాణానికి భయం లేదు, ఏడవవద్దు.

ఈ మద్రాసు కండ్ల డాక్టరు, "కంటికి దెబ్బేమీ తగల్లేదే, ఒంట్లో యాడన్నా చీము పట్టిందా?" అని అడిగారు. లేదన్నాను. కండ్ల ఆస్పత్రికొచ్చి కాలి సంగతి ఎవరు చెప్తారు? జ్వరం చూసి ఆయనే ఒళ్లంతా వెతికారు. చెరకు మోడు గుచ్చుకున్న అరికాలికి అమ్మ కట్టిన గుడ్డ విప్పించారు. లోపలంతా చీము. అదే నెత్తురులో కలిసి కంటికి ఎక్కిందట. మనమేమో కండ్లకలక అనుకుని నందివర్ధనం పూల రసం పిండుతూ కూర్చున్నాం. ఇప్పుడు పెన్సిలిన్ సూదులు వేస్తున్నారు, కాలు మానుతోంది.

ఎర్రావు ఈనిందా? వచ్చేవాళ్లతో ఒక పంచె పంపించు.

తిరువళ్లూరు వీరరాఘవస్వామికి అమ్మ మొక్కిన వెండి కండ్లు మానవద్దు, ఒకటి దక్కింది కదా. వాటితోపాటు వెండి కాలు కూడా వేయమను.

పిల్లలకు నా దీవెనలు. బావ వీపు మీద సెగగడ్డ అట్లాగే ఉందని విన్నాను. "పండినాక చూద్దాంలే" అంటాడు, వినవద్దు. రేపే ఆస్పత్రికి తీసుకుపో. మొక్కు తర్వాత మొక్కుకోవచ్చు, స్వామి యాడికీ పోడు.

తమ్ముడు
కోదండరామ