తిరుగుదారి లేని రూటరు

చెల్లాయీ, ఒంట్లో బాగానే ఉంది, కంగారుపడకు. మనసే బాగాలేదు.

మాలాంటి నడివయసు గుమాస్తాలను ఈ ఊరు పిలిపించి, నెట్‌వర్కు పని నేర్పి, ప్రాక్టీసు ల్యాబులో తప్పినవాళ్లను ఉద్యోగంలోంచి తీసేస్తామన్నారు కదా. నిన్న మా సెక్షన్ టైపిస్టమ్మ వంతు. తన రూటరు, అదే కబుర్లకు దారి చూపే పెట్టె, నుంచి కబురు పంపితే అవతలి రూటరు నుంచి జవాబు రావడం లేదు. పాపం, తన వైపు కేబుళ్లూ అడ్రసులూ మళ్లీ మళ్లీ చూసుకుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. జవాబు ఏ దారిన తిరిగి రావాలో అవతలి రూటరులో రాయాలి. అదేమో మాకు పని నేర్పే మేష్టారి గదిలో, తాళం వెనక ఉంది.

“అయ్యో, నేనే రాయడం మరిచిపోయా,” అంటూ ఆయన వెళ్లి సరిచేశాడు. వెంటనే జవాబొచ్చింది. అయినా ఆమె పరీక్ష తప్పినట్టే రాశాడు.

“మీరు మరిచిపోతే ఆవిడకెందుకండీ శిక్ష?” అన్నాను.

“టైమైపోయిందమ్మా. రూలు రూలే.”

“మీకు చుట్టమైన రూలు మాకే మొగుడవుతుందేం మేష్టారూ?”

ఎవరూ కిక్కురుమనలేదు. ఈ మౌనాన్ని మేసే కదే ఇలాంటి రూళ్లు బలిసేది! ఆమెకు మళ్లీ పరీక్ష పెట్టేదాకా నేనూ నా పరీక్షకు కూర్చోనని రాసిచ్చాను. తోడు సంతకం పెడతామన్న ఇద్దరూ పొద్దున ముఖం చాటేశారు.

వంటింటి కుళాయి బాగుచేయించావా? చిన్నదాని దగ్గు తగ్గిందా? పెద్దదాన్ని చదువు మీద ధ్యాస పెట్టమను. అక్కడ మీ బావ అడిగితే పరీక్ష వాయిదా పడిందని చెప్పు. నిజం నేనే వచ్చి చెబుతాను. ఆ రావడం త్వరలోనే ఉండేట్టుంది.

అందరూ చల్లగా ఉండండి.

అక్క