గిండీ పందేనికి అమృతమ్మ ప్రయాణం

ముసునూరు,
11 జనవరి 1949, మంగళవారం.

ప్రియమైన చెల్లెలు రిబ్కమ్మకు,

ప్రభువు నీకు మంచి ఆరోగ్యాన్నీ, ఆస్పత్రి డ్యూటీల మధ్య కాస్త నిద్రనీ దయచేయాలని కోరుతూ మీ అక్క అమృతమ్మ రాయడం. ఇక్కడ మేం క్షేమం. మీ బావగారు మునుపటికన్నా మెరుగు. నేనే కొంచెం అలిసిపోయి ఉన్నాను. అదేమీ కొత్త కబురు కాదులే.

ఈ ఏడు మామిడి తోటల్లో పూత విరగబూసింది. మంచు ఎక్కువగా పడుతోంది, పూత నల్లబడి రాలిపోతుందేమోనని తోటలవాళ్లందరికీ ఒకటే బెంగ. నేను బడికి వెళ్లే దారి పొడుగునా ఆ పూత వాసనే. ఊరందరికీ అది ప్రాణం లేచొచ్చే వాసన, నాకు మాత్రం తలనొప్పి. వయసు మీదపడ్డాక మంచి వాసనలు కూడా బరువుగానే ఉంటాయి కాబోలు.

అసలు సంగతికి వస్తాను. మొన్నటి కార్డులో చోటు చాలక రాయలేదు. ఈ నెల 29న, శనివారం, గిండీలో జరిగే పెద్ద గుర్రప్పందేనికి నేను వస్తున్నాను. నువ్వు నవ్వుతావని తెలుసు. పెళ్లయిన కొత్తలో గుర్రాల వాసన భరించలేక మీ బావగారి చొక్కాలు విడిగా ఉతికిన మనిషిని. ఈ మాట రాస్తుంటే ఆయన పక్క మంచం మీంచి వింటున్నారు. రాసిందల్లా పైకి చదవమంటున్నారు. చొక్కాల సంగతి విని నవ్వారు. ఆ నవ్వు ఇప్పుడు ఒక పక్కకే వస్తోంది. అయినా నవ్వు నవ్వే.

ఆయన దొరగారి లాయంలో సాయిసుగా చేసినన్నాళ్లూ గుర్రాల్ని తోమారు, మేపారు, జబ్బు చేస్తే పక్కనే పడుకున్నారు. కానీ ఒక్క పందెమూ చూడలేదు. పందేలకు గుర్రాలతోపాటు పెద్ద సాయిసులు వెళ్లేవారు. మిగిలిపోయిన గుర్రాలకు ఈయన కాపలా. తిరిగొచ్చినవాళ్లు చెబితే వినడమే.

చుక్కమ్మను నువ్వు చూడలేదు. యుద్ధం ఆఖరి ఏడాది పుట్టింది. ఎర్రటి గుర్రప్పిల్ల, నొసట తెల్లచుక్క. తల్లి ఈనుతూనే చచ్చిపోతే, ఇది కూడా పోతుందని అందరూ వదిలేశారు. మీ బావగారు దాన్ని గోనెసంచిలో చుట్టి మనింటికి పట్టుకొచ్చారు. ఆవుపాలలో వేణ్ణీళ్లు కలిపి, గుడ్డ ముంచి నోట్లో పెట్టి బతికించారు. మా వంటపాకలోనే పెరిగింది. నేను దిద్దడానికి తెచ్చుకున్న పిల్లల కాగితాలు ఎన్నిసార్లు నమిలేసిందో! ఆయన్ని సాధించేదాన్ని. "మనకి పిల్లలుంటే నమలరా ఏంటి, అమృతం" అనేవారు. నేను మిగిలిన ముక్కలు ఏరుకునేదాన్ని.

జమీందారీ ఎస్టేట్లు పోతాయన్న మాట గట్టిపడగానే దొరగారు లాయం ఎత్తేశారు. చుక్కమ్మను మద్రాసు సేటుగారెవరో కొనుక్కుని ఈవెనింగ్ స్టార్ అని పేరు మార్చారు. అది బాగా పరుగెడుతోందనీ, జనవరిలో పెద్ద పందెంలో దిగుతుందనీ దొరగారికి తెలిసింది. "క్రీస్తుదాసును పంపండి, తను పెంచిన బిడ్డను చూసుకుంటాడు" అని చెప్పి, బంగళా గుమాస్తా పెద్దిరాజుగారి చేత పందెం చూసే పాసు పంపించారు. పాపం, మీ బావగారికి వానాకాలంలో పక్షవాతం వచ్చిన సంగతి ఆయనకు అప్పటికి తెలియదు. కుడి చెయ్యీ కాలూ పడిపోయిన మనిషి మద్రాసు ఎలా వస్తారు?

పాసు వెనక్కి ఇచ్చేద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"నువ్వెళ్లు" అన్నారు.

"మీరు లేకుండా నాకెందుకండీ గుర్రప్పందెం?"

"చూసొచ్చి నాకు చెప్పు. నీ పేరు మీద రాయించమని పెద్దిరాజుగారికి చెప్పా."

అప్పటినుంచి మా ఇల్లు బడి అయిపోయింది. పంతులు ఆయన, పిల్లదాన్ని నేను. నూజివీడు నుంచి వచ్చే జట్కా మా బడి ముందు ఆగుతుంది. సాయంత్రం ఆ గుర్రాన్ని చూసొచ్చి ఆయనకు అప్పజెప్పాలి. మొదటి రోజు ఎలా ఉందని అడిగితే ఎర్రగా ఉందన్నాను. "ఎర్రగా కాక పచ్చగా ఉంటదా? చెవులెటున్నాయి?" అన్నారు. "తలమీదే ఉన్నాయండీ" అన్నాను. మా ఆడపడుచు బుజ్జమ్మ పడీపడీ నవ్వింది. ఆయనకు మాత్రం కోపమొచ్చింది. చెవులు ముందుకు పెట్టిందా, వెనక్కి వాల్చిందా, కాలు మార్చి నిలబడిందా, చెమట ఎక్కడ పట్టింది, కళ్లెం లాగితే తల ఎగరేసిందా, అన్నీ ఒకేసారి అడగడం మొదలుపెట్టారు. మాట ముద్దగా వస్తుంది కదా, ఒక్కో ప్రశ్నకూ మొహమంతా కందిపోతుంది. చొంగ తుడుస్తూ నేనే ఆపాను. "ఇలా చెబితే ఒకటో క్లాసు పిల్లలు పారిపోతారండీ. రోజుకొక్కటి చెప్పండి" అన్నాను. ఒప్పుకున్నారు. ఇప్పుడు రోజుకొక పాఠం. నిన్నటిది డెక్కల చప్పుడు. కళ్లు మూసుకుని విని, నడుస్తోందో పరుగెడుతోందో చెప్పాలట. జట్కా అతను నన్ను చూసి, పంతులమ్మగారికి ఏదో అయిందనుకుంటున్నాడు.

గుళ్లో కూడా గొడవయింది. గుర్రప్పందెమంటే జూదం కదా, పంతులమ్మే వెళితే ఎలా అని కొందరు పాదిరిగారి దగ్గర ఎత్తారు. ఆయన నన్ను పిలిపించారు. కూర్చోమన్నారు. "దేవుడు చేసిన జీవం పరుగెడుతుంటే చూడ్డం పాపం కాదమ్మా, దానిమీద పందెం కాస్తే పాపం. వెళ్లిరా" అన్నారు. గుమ్మం దాకా వచ్చి, "అక్కడ మిఠాయి దుకాణాలు కూడా ఉంటాయంట" అని మెల్లగా అన్నారు. ఆయనకూ చూడాలనుందేమో.

కట్టుకోవడానికి నువ్విచ్చిన తెల్లచీరే తెస్తున్నాను, అంచు కుట్టించాను. అక్కడికి దొరసానులు టోపీలు పెట్టుకుని వస్తారట కదా. నేనెక్కడో వెనక నిలబడతాను. చెప్పులు మాత్రం కరుస్తున్నాయి, ఇంట్లోనే వేసుకుని తిరిగి అలవాటు చేసుకుంటున్నాను. సెలవు దొరికింది. నేను వచ్చేదాకా బుజ్జమ్మ ఆయన్ని చూసుకుంటుంది. ఎలా పక్కకు తిప్పాలో, వీపుకి పుండ్లు పడకుండా ఎలా తుడవాలో చేయించి చూపించాను. బుజ్జమ్మ నడుం పట్టుకుని, "వదినా, ఇదంతా రోజూ ఒక్కదానివే చేస్తున్నావా?" అని అడిగింది. ఆ ఒక్కమాటకు నాకు ఏడుపొచ్చింది. ఎందుకో తెలియదు. పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాను.

(ఈ ముక్క ఆయనకు చదవలేదు.)

గురువారం బెజవాడ దాకా బస్సు, అక్కణ్నుంచి మెయిలు. శుక్రవారం పొద్దున సెంట్రల్ స్టేషన్‌కి నువ్వు రాగలిగితే రా, డ్యూటీ ఉంటే ఎవరినైనా పంపు. సైదాపేటలో మీ ఇంటి నుంచి గిండీ దగ్గరేనని రాశావు, అది మేలయింది. నిజం చెప్పొద్దూ, ఆ రైలు కోసమే ఎదురుచూస్తున్నాను. ఒక రాత్రంతా ఎవరూ నన్ను పిలవరు.

మీ బావగారు నీకు వందనాలు చెప్పమంటున్నారు. చుక్కమ్మ మెడమీద ఎడమవైపు చెయ్యేసి నిమరనిస్తారేమో అడగమని కూడా అంటున్నారు. అడుగుతానని చెప్పాను.

ప్రభువు కృప నీకు తోడుండును గాక.

నీ అక్క,
అమృతమ్మ

తా.క. పై ఉత్తరం మీ బావగారికి చదివి వినిపించాను. ఇది మాత్రం నూజివీడు పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని రాస్తున్నాను.

చుక్కమ్మ లేదు, రిబ్కా. కిందటి వారం పొద్దుటిపూట పరుగు నేర్పుతుంటే ముందుకాలు విరిగిపోయిందట. ఇక బాగవదని అక్కడే తుపాకీతో కాల్చేశారట. బంగళాకు వచ్చే మద్రాసు పేపర్లో చూశానని పెద్దిరాజుగారు ఆదివారం గుడి బయట నన్ను పక్కకు పిలిచి చెప్పారు. "పాసు వెనక్కి పంపించెయ్యమంటారా అమ్మా?" అని అడిగారు. వద్దండీ, ఈ సంగతి ఎవరితోనూ అనకండి అన్నాను. ఆయన కళ్లు తుడుచుకుని వెళ్లిపోయారు. ఇంటికి వచ్చి నేను అన్నం వండాను.

జబ్బుపడిన తర్వాత మీ బావగారు గోడవైపు తిరిగి పడుకుంటే, తిరగమన్నా ఇటు తిరిగేవారు కాదు. ముద్ద నోట్లో పెడితే ఉమ్మేసేవారు. పాసు వచ్చాక ఇటు తిరిగారు. ఎడం చేత్తో మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంటున్నారు. నేను బడినుంచి ఎప్పుడొస్తానా అని గుమ్మంకేసి చూస్తుంటారు. ఇప్పుడు ఈ కబురు నేనెలా చెప్పను? చెప్పాలా వద్దా అని ప్రార్థనలో అడిగాను. జవాబు రాలేదు. వచ్చేదాకా ఆగే ఓపికా నాకు లేదు.

ఇంట్లోనే కూర్చుని కథ అల్లి చెబితే మొదటి ప్రశ్నకే దొరికిపోతాను. అందుకే వస్తున్నాను. నన్ను గిండీ తీసుకెళ్లు. ఏదో ఒక ఎర్ర గుర్రాన్ని చూపించు, దాన్నే చూస్తాను. గెలిచిందని చెప్పాలో ఓడిందని చెప్పాలో అక్కడికొచ్చాక ఇద్దరం అనుకుందాం.

నువ్వు జవాబు రాసేటప్పుడు, చుక్కమ్మను చూశాననీ, కులాసాగా ఉందనీ ఒక్క వాక్యం కలుపు. నీ ఉత్తరం రాగానే ఆయన పైకి చదవమంటారు.