గొట్టంలో నల్లటి వలయం

మొరావా నది ఒడ్డు,
అక్టోబరు 9.

డాన్యూబ్ నది మీద ఏ రేవులో ఉన్నారో నాకు తెలియని మీకు, మీ స్తమెన రాస్తున్నది. ఇక్కడ మీ నాన్నగారు, మీ తమ్ముడు బోయన్, నేను కులాసాగానే ఉన్నాం. ఆవు కూడా. మీరూ, మీ పడవా క్షేమమని తలుస్తాను.

ముందు మీరడిగినవి చెబుతాను. ప్లమ్ సారా కాచడం అయిపోయింది, బోయన్ పెళ్లికి సరిపోతుంది. బోయన్ కోటు భుజాల దగ్గర బిగుతైంది. దర్జీకి చెబితే "పెళ్లికొడుకు ఊపిరి పీల్చకుండా నిలబడితే చాలు" అన్నాడు. పెళ్లికూతురి వాళ్లు వాకిట్లో పాతడానికి పొడుగాటి కర్ర కొట్టి తెచ్చుకున్నారట. దాని కొసన కట్టిన ఆపిల్‌ని మనవాళ్లు తుపాకీతో కొట్టి పడేస్తేగానీ గేటు తీయరు కదా. "మీ అన్న పడవలెక్కి గురి మరిచిపోయుంటాడు, ఆపిల్ బదులు గుమ్మడికాయ కట్టమంటావా?" అని పిల్ల మేనమామ బోయన్‌ని ఏడిపించాడు.

మిగిలింది తుపాకీ సంగతి. "నాన్నని నూనె పెట్టి ఉంచమను, ఆపిల్ నేనే కొడతా" అని రాశారు. ఆ మాట చదివినప్పటి నుంచి నాకు రొట్టె ముక్క సయించడం లేదు.

సైన్యం వాళ్లు పాతవి అమ్మేసినప్పుడు మీ నాన్నగారు ముచ్చటపడి కొన్న తుపాకీ అది. కిందటి నెల దుమ్ము దులుపుతుంటే, గొట్టం మూతికి జానెడు ఇవతల గుడ్డ పట్టుకుంది. అక్కడ గుండ్రంగా ఉండాల్సిన ఇనుము ఒత్తుకున్నట్టు చదునుగా ఉంది, పైన బూట్ల పాలిష్ పూసి ఉంది.

"మామయ్యా, ఇక్కడ ఆకురాయి పట్టారా?" అన్నాను.

"తుప్పు. నీ పని నువ్వు చూసుకో." ఆయన నా వైపు తిరగలేదు. "వాడికి రాయకు" అన్నారు మళ్లీ.

తుప్పైతే రాయొద్దనడం ఎందుకు? ఆయన సంతకు వెళ్లిన రోజు తుపాకీని దుప్పట్లో చుట్టి, బస్సులో మిరపకాయల బస్తాల మధ్య కూర్చుని, తుపాకులు బాగుచేసే జివోయిన్ దగ్గరికి వెళ్లాను. అతను తుపాకీ వెనకవైపు గడియ ఊడదీసి, గొట్టాన్ని కిటికీ వైపు పెట్టి నన్ను చూడమన్నాడు. లోపలంతా వెలుతురు, ఒక్కచోట నల్లటి వలయం.

"గొట్టంలో ఏదో అడ్డం ఉండగా పేల్చారు. ఇనుము ఉబ్బింది. ఉబ్బు కనబడకుండా పైన అరగదీశారు. అసలే దెబ్బతిన్న చోటు, అక్కడే పల్చన చేసిపెట్టారు."

"మళ్లీ పేలిస్తే?"

"తట్టుకోవచ్చు. చీలిపోనూ వచ్చు. ముక్కలు చేతికి తగులుతాయో, కంటికి తగులుతాయో, పక్కవాడికి తగులుతాయో నేను చెప్పలేనమ్మా. ఆ ముక్క కోసేసి మూతి మళ్లీ చదును చేయాలి. మీ మామగారిని వచ్చి చెప్పమను."

ఏం జరిగిందో నాకు అర్థమైంది. చలికాలం చెమ్మ పట్టకుండా ఆయన కొవ్వులో ముంచిన ఉన్ని మూతిలో దూర్చి పెడతారు కదా. కిందటి క్రిస్మస్ ముందురోజు పండగ ఓక్ కొమ్మ నరకడానికి వెళ్లి ఆనవాయితీగా పేల్చినప్పుడు, అది తీయలేదు.

ఇంటికొచ్చి మామయ్యతో చెప్పాను. "జివోయిన్‌కి కళ్లు లేవు" అన్నారు. ఆ వెంటనే, "ఈసారి ఆపిల్ వాడు కాదు, నేను కొడతా" అన్నారు. శుక్లాలతో గుమ్మంలో కోడినే చూడలేని మనిషి! కళ్లు మూసుకుంటే ఎవరిదో ఒకరి మొహం నెత్తుటితో కనిపించేది. ఒకసారి ఆయనది, ఒకసారి మీది.

ఇక ఇందాకటి నుంచి దాటేస్తున్న సంగతి. ఆదివారం ఆయన చర్చికి వెళ్లగానే, బండి కొట్టంలోంచి ఇనుము కోసే రంపం తెచ్చి ఆ తుపాకీ గొట్టం కోసేశాను. సరిగ్గా ఆ వలయం మీదనే. చేతులు బొబ్బలెక్కాయి. ఆయన వచ్చేసరికి రెండు ముక్కలూ ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. ఇంట్లోంచి గెంటేస్తారనుకున్నాను.

ఆయన చిన్న ముక్క తీసుకుని, కోసిన అంచు వేలితో తడిమి చూశారు. ఒకవైపు కాగితమంత పల్చన. అలాగే నేల మీద కూలబడ్డారు.

"ఉన్ని తీయడం మరిచిపోయానమ్మా" అన్నారు. "ఊళ్లో అందరికీ తుపాకీ పట్టడం నేర్పినవాణ్ని, ఏ మొహంతో చెప్పను? వాడి చేతిలోంచి లాక్కుని నేనే పేలుద్దామనుకున్నా. ఏమైనా అయితే నాకే అవుతుంది. చెప్పుకోవడం కంటే అదే తేలికనిపించింది."

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఇంకా ఎక్కువ భయంగా ఉంది. మీరూ ఆయన కొడుకే, నలుగురిలో చిన్నబోవడం కంటే పేల్చేయడమే తేలికనుకుంటారేమో.

పెళ్లికి పక్కింటి ల్యూబింకో తన తుపాకీ ఇస్తానన్నాడు. అతనికీ చలికాలం ఉన్ని దూర్చడం నేర్పింది మీ నాన్నగారే. అందుకని ఎంతమంది తొందరపెట్టినా, గడియ ఊడదీసి గొట్టాన్ని ఆకాశం వైపు పెట్టి చూడండి. వలయం కనిపిస్తే కింద పెట్టేసి, ఆ ఆపిల్‌ని రాళ్లతో కొట్టండి. నవ్వేవాళ్లని నవ్వనివ్వండి.

ఈ ఉత్తరం మీ నాన్నగారికి చదివి వినిపించాను. ఉన్ని సంగతి కొట్టేయనా అని అడిగితే, "ఉంచు" అన్నారు.

ఇట్లు,
మీ రెండు చేతులూ, రెండు కళ్లూ పదిలంగా ఉండాలని కోరుకునే
మీ భార్య,
స్తమెన