వంటగట్టు కొలత

ఏమండీ,

బెడ్ ఖాళీ అయిందని ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. మీరు గ్రానైట్ కోసం జిగణికి పోయినారు, ఎన్నిసార్లు చేసినా మీ ఫోన్ కలవలేదు. చెల్లెలు సహనతో ఆటోలో పోతా ఉండాను. స్కాన్ కవరు మీరు తీసుకురండి. సిమెంటు దుమ్ము పడకుండా నా పాత చీరలో చుట్టి బీరువా పైన పెట్టినాను, ఇప్పుడు పీట ఎక్కి తీసే ఓపిక నాకు లేదు.

నాలుగింటికి మేస్త్రీ వెంకటగిరియప్ప వస్తాడు. వంటగట్టు ఇంటి ఆడమనిషి నడుముకు సరిగ్గా ఉండాలని నిన్న నన్ను గోడకు నిలబెట్టి గీత గీసినాడు కదా, మీరేమో పక్కన నవ్వుతా నిలబడినారు. ఆ గీతను చెరిపేసినాను. మీ కొలత ఇవ్వండి. ఇంక ఆ స్టవ్ ముందర నిలబడేది మీరే. నా ఎత్తుకు కడితే రోజూ వంగి వంగి మీ నడుము పట్టేస్తుంది, మందు రాసేదానికి నేను ఉండను.

డాక్టరు మీకు చెప్పింది తలుపు అవతల నుంచి నేనూ విన్నాను. బాగైపోతుందని మీరు నాకు చెప్పింది చాలు. ఒక్కసారి నా ముందర ఏడవండి. ఒక్కదాన్నే ఏడ్చేదానికి భయంగా ఉండాది.

మీ నేత్ర

నేను ఎక్కే పీటను మాత్రం పాత సామానుతో పారేయొద్దు. ఏమో, తిరిగొస్తే దాని మీద నిలబడి వండుతాను.