ఎడమచేతి కోత

ఆగస్టు 17, మంగళవారం

గౌరవనీయులైన అక్కయ్యగారికి,

మీ తోడికోడలి నమస్కారాలు. బావగారికి కూడా నా నమస్కారాలు చెప్పండి. ఇక్కడ అందరం కులాసా అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. మీ మరిది కులాసా. కొట్టు కులాసా. నా సంగతే కాస్త చెప్పుకోవాలి.

నిన్న కాలేజీ ప్రిన్సిపాల్‌గారు వచ్చారు. అదే, ఒక భుజం పైకీ ఒక భుజం కిందికీ ఉండే ఆవిడ. మీరు తప్ప ఇంకెవరు కత్తిరించినా కోటు ఒక పక్కకి జారిపోతుందని కనబడ్డవాళ్ళందరికీ చెప్పే ఆవిడ. మీకు పక్షవాతం వచ్చాక దిక్కులేక నా దగ్గరే కుట్టించుకున్నారు. నిన్న మాత్రం కొత్త కోటొకటి తెచ్చి బల్లమీద పరిచి, చేతులు అరంగుళం పొట్టి చెయ్యమన్నారు. ఎవరు కుట్టారండీ అని అడిగాను. మీ అక్కయ్యే, ఎడమ చేత్తో కత్తిరించింది, ఎంత బాగా కుదిరిందో చూడు అంటూ అద్దం ముందు అటు తిరిగి ఇటు తిరిగి చూపించారు. అంత దూరం వెళ్ళారా అన్నాను. రెండు బస్సులు మారాలి, మారితేనేం అన్నారు.

ఆవిడ మెట్లు దిగగానే నేనేం చేశానో తెలుసా? చేతుల పని పక్కన పెట్టి, లోపలి గుడ్డ కుట్లు విప్పాను. చంక దగ్గర ఎక్కడో ఒకచోట తేడా దొరక్కపోతుందా అనుకున్నాను. టేపు పెట్టి చూశాను, వెలుతురుకి పట్టి చూశాను. ఆవిడ భుజాల తేడాని వీపు భాగంలోనే ఎంత నేర్పుగా సర్దారండీ! ఒక్క గీత పక్కకి పోలేదు. విప్పిన కుట్లన్నీ మళ్ళీ వేసుకుంటూ కూర్చుంటే ఏడుపొచ్చింది. సంతోషంతో అనుకునేరు. కాదు, కడుపుమంటతో.

ఇరవై రెండేళ్ళు ఒకే గదిలో పనిచేశాం. కిటికీ పక్కన కోత బల్ల మీది, గోడ పక్కన మిషను నాది. నేను ఎప్పుడు కత్తెర ముట్టుకోబోయినా, మంచి గుడ్డ పాడైపోతుంది పిల్లా, నువ్వు కుట్టు చూసుకో అనేవారు. ముద్దుగానే అనేవారు. ఆ ముద్దే నాకు ముల్లులా గుచ్చుకునేది. గుమ్మంలో అడుగుపెట్టిన ప్రతివాళ్ళూ నన్ను చూసి, ఎవరూ లేరా అని అడిగేవారు. ఎదురుగా నేను కూర్చునే ఉన్నాను కదా!

మీ కుడి చెయ్యి పడిపోయాక కత్తెర నా చేతికొచ్చింది. అప్పటికి నాకు యాభై ఒకటి. మొదట్లో సుద్దతో గీసుకున్న గీత మీద కూడా కత్తెర నడిచేది కాదు. పాత దుప్పట్లూ, చిరిగిన పరదాలూ కత్తిరించి కత్తిరించి నేర్చుకున్నాను. నాలుగో నెలలో ఒకరోజు, నేను ఆలోచించకుండానే నా చెయ్యి మెడ దగ్గర తనంతట తానే మలుపు తిరిగింది. ఒళ్ళు ఝల్లుమంది. మీకు వ్యాయామం చేయించడానికి వారానికొకసారి వచ్చే అమ్మాయితో ఆ మాట చెప్పాను. మీ తలలో కొత్త దారి పడిందండీ, దీనికి వయసుతో పనిలేదు, నడిచేకొద్దీ ఆ దారి వెడల్పవుతుంది, నడక మానేస్తే పూడుకుపోతుంది అంది. వారం రోజులు నేల మీద నడవలేదు నేను. నా తలలో నాకంటూ ఒక దారి! అందులో మీరు ఎదురు రారు.

మీరూ బావగారూ ఇక్కడ మెట్లెక్కలేక మీ చెల్లెలుగారి ఊరికి మారిపోయిన రోజున బస్సు దాకా వచ్చి కళ్ళు తుడుచుకున్నాను కదా. ఇంటికి రాగానే వడ్రంగిని పిలిపించి, మీ కోత బల్ల కాళ్ళు రెండంగుళాలు కోయించాను. నా ఎత్తుకి సరిపోయేలా.

నిన్న ఇంకొకటి కూడా బయటపడింది. మామూలు కత్తెరని ఎడమ చేత్తో పడితే గుడ్డ రెండు అంచుల మధ్య నలిగి మడతపడుతుందే గాని తెగదు. మరి మీరెలా కత్తిరిస్తున్నారని మీ మరిదిని నిలదీస్తే, నసిగి నసిగి, ఎడమచేతి కత్తెర తానే ఎక్కడినుంచో తెప్పించి మీకు పంపానన్నారు. వదిన నోరు తెరిచి అడిగితే లేదంటానా అని నన్నే కసిరారు. పాతికేళ్ళ కాపురంలో నాకు ఒక్క సూదుల పెట్టె కొనిచ్చిన పాపాన పోలేదు ఆ మహానుభావుడు!

అయినా యాభై ఎనిమిదేళ్ళ తలకాయలో ఇంకా అంత చోటు ఎక్కడ మిగిలిందండీ మీకు? ఒక చెయ్యి పోతే ఇంకో చెయ్యి లేచొచ్చింది. రెండు చేతులూ ఉన్న నేను మాత్రం మళ్ళీ ఎవరూ లేరా అనిపించుకునే మనిషినైపోయాను.

ప్రిన్సిపాల్‌గారి కోటు చేతులు సరిచేసి ఇస్త్రీ చేసి ఉంచాను. మీ చిరునామా కోసం ఇంకో ఇద్దరు అడిగారు. నాకు తెలియదన్నాను. ఇకముందు కూడా అలాగే అంటాను.

వేళకి మందులు వేసుకోండి. బావగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయో రాయండి.

ఇట్లు,
మీరు ఇప్పటికీ పిల్లా అని పిలిచే
యాభై మూడేళ్ళ మీ తోడికోడలు

తా.క.: కవరు అంటించి, మళ్ళీ చింపాను. అసలు మాట రాయకుండా ఇంతసేపూ మిమ్మల్నే ఆడిపోసుకున్నాను.

ఆస్పత్రినుంచి మిమ్మల్ని ఇంటికి పంపిన రోజు, మీరు చక్రాల కుర్చీలో వరండాలో ఉన్నారు. బావగారు బండి కోసం వెళ్ళారు. డాక్టరుగారు నన్ను లోపలికి పిలిచి ఒక మందపాటి గ్లౌజు ఇచ్చారు. ఆవిడ కుడి చేతి వేళ్ళు కొద్దిగా కదులుతున్నాయి, అది మంచి గుర్తు, అయితే బాగున్న చెయ్యి ఉన్నంతసేపూ మెదడు దానికే పని చెబుతుంది, అందుకని రోజుకి ఆరు గంటలు ఎడమ చేతికి ఇది తొడిగి, తినడం, దువ్వుకోవడం, అన్నీ కుడి చేత్తోనే చేయించండి, మొదటి మూడు నెలలూ చాలా విలువైనవి, ఏడ్చినా వదలొద్దు అన్నారు.

ఆ గ్లౌజు బీరువాలో అడుగున పెట్టాను. మీతో మాత్రం, కుడి చేతిని అలసిపోనివ్వొద్దన్నారని చెప్పాను. ఆ వ్యాయామం అమ్మాయి గుమ్మం దగ్గర గ్లౌజు సంగతి అడిగినప్పుడల్లా, చేయిస్తున్నామండీ అన్నాను. మూడు నెలలు నా చేత్తో మీకు తినిపించాను. కన్నతల్లి కూడా ఇంత చెయ్యదు పిల్లా అని మీరు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు. కత్తెర మీకు తిరిగి ఇవ్వాల్సొస్తుందని భయం.

ఈ ఉదయం ఆ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి నేను చేసింది చెప్పాను. ఆయన మీ పాత కాగితాలు తీయించి చూశారు. చివరికి, పోయిన ఆ మూడు నెలలూ తిరిగి రావు, కానీ మెదడు నేర్చుకోవడం మానదు, బొత్తాం పెట్టుకునేంత అయినా రావచ్చు, ముందు ఆవిడకి నిజం చెప్పండి, ఆ తరువాత ఆవిడని ఇక్కడికి తీసుకురండి అన్నారు.

గ్లౌజు ఇందులోనే పెట్టి పంపుతున్నాను. బావగారికి కూడా ఈ కాగితం చూపించండి. మీరు రమ్మంటే వచ్చి, నేనే దగ్గరుండి మిమ్మల్ని ఆయన దగ్గరికి తీసుకెళ్తాను. తిడితే పడతాను. జీవితంలో నా మొహం చూడొద్దంటే అదీ సబబే. జవాబు మాత్రం ఎడమ చేతికి ఇది తొడుక్కుని, కుడి చేత్తో రాయండి. రావద్దు అని రాసినా సరే, ఎన్ని రోజులు పట్టినా సరే.